ఆయన గొంతులో విధాన వ్యాఖ్యానం

ప్రభుత్వ పథకాలను విధాన పరిశోధనా సంస్థ మేధావులు ఇంటింటికీ వివరిస్తారు. తెలిసిన గొంతయితే జనం వింటారని, ఏ ఇంట్లో పోయినవాళ్ల గొంతుతో ఆ ఇంట్లో తమ మాటలు వినిపిస్తారు. మా గోడలోంచి రోజూ మా ఆయన మాట్లాడతారు.

"ఏమే, పొయ్యి కట్టేసి రా," అని మొదలుపెడతారు, బతికున్నప్పటిలాగే.

ఆ రోజు మా ఊరి బడి గురించి చెప్పారు. "పిల్లలు తగ్గిపోయారే. ఖర్చు దండగ. మూసెయ్యడానికి సరేనని రాయి."

"ముసలిదాన్నయ్యాక అక్షరాలు నేర్చుకోమని నన్ను చెయ్యి పట్టుకెళ్లి ఆ బడిలో కూర్చోబెట్టింది మీరే కదండీ?"

"ఖర్చు దండగ," అన్నారు మళ్లీ.

కోడలు హైమ నా పక్కన కూర్చుంది. "ఒక్క ఇల్లు కాదన్నా బడి మూయరంట అత్తయ్యా. కానీ కాదన్నోళ్లకి ఆ గొంతు తీసేస్తారు. అందుకే ఊరంతా సరేనని రాసేశారు. మీ ఇష్టం."

జవాబు రాయడానికి గోడకి పెట్టిన తెర మీద వేలితో 'కా' అని రాశాను.

"ఏమే," అన్నారాయన.

చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి 'దు' కూడా రాశాను.

మర్నాడు అలవాటుగా ఆ వేళకి గోడ ముందు కూర్చున్నాను. గోడ పలకలేదు. వంటింట్లోంచి పప్పు మాడిన వాసన వచ్చింది.