నీలి నెగ్గిన కుస్తీ

ఆ అడవిలో కుస్తీలకు పెద్ద ఎలుగుబంటి మామ. నీలి అనే ఉడుమును మాత్రం ఎప్పుడూ బరిలోకి రానిచ్చేవాడు కాదు.

"తోకతో కొడతావు, గోళ్లతో రక్కుతావు, పట్టుకుంటే వదలవు. ఇదేం కుస్తీ?" అనేవాడు.

ఒకనాడు కుందేలు పిల్లల మీదికి తోడేలు దూకింది. మామ చెట్టు దిగేలోపే నీలి అడ్డుపడింది. తోకతో తోడేలు మూతి పగలగొట్టింది. అది వీపు కొరికినా లెక్కచేయక దాని కాలు కరిచి పట్టింది. తోడేలు కుయ్యోమంటూ ఎలాగో విడిపించుకుని పారిపోయింది.

మామ నీలిని భుజానికెత్తుకున్నాడు. "అసలైన వస్తాదు ఇదిగో!" అని అడవంతా ఊరేగించాడు.

"ఆ తోక దెబ్బ నాకూ నేర్పవే," అన్నాడు.

"నేర్పుతా గానీ, నీకు తోకేది మామా?"

కుందేళ్లు పడీపడీ నవ్వాయి. అందరికంటే గట్టిగా మామే నవ్వాడు.