బారసాలకు ముందే పిలిచాను

"ఏవండీ, పాపకి ఏదో అవుతోందండీ. ఆ మూలుగు వినండి."

తోట కాపలాకని మామిడి చెట్ల మధ్య షెడ్డులో ఉంటున్నాం. కరెంటు పోయి ఫ్యాను ఆగాక వినిపించింది, క్... క్... అని.

"బల్లే," అన్నారు ఆయన నిద్రలో.

అత్తయ్య నవ్వింది. "నీకు ఆకు రాలినా దయ్యమేనే! పిల్ల చూడు, ఏడుపన్నదే ఎరగదు, బంగారం."

బల్లి ఊపిరితో పాటు అరవదు. ఆ వెక్కిరింపు కంటే నా చెవినే నమ్మాను. ఫోను లైటు వేసి దుప్పటి తీశాను. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. పొద్దుటినుంచి రొమ్ము కూడా సరిగా పట్టలేదు. పసిగుడ్లకి నిమోనియా వస్తే దగ్గు ఉండకపోవచ్చు, డొక్కలే ఎగరేస్తారని మా ఊరి ఆశా వర్కరక్క చెప్పింది.

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. "బండి తియ్యరా," అంది కొడుకుతో.

నూజివీడు ఆసుపత్రికి బయల్దేరాం. రెండు పక్కలా తోటలే. ఆ మూలుగు వినబడుతున్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాను. ఆగిరిపల్లి దాటాక అది ఆగిపోయింది.

"బండి ఆపండి!"

ఇంజను ఆగింది. ఒక్క ఆకు కదల్లేదు. బారసాల కాకుండా పేరు పెట్టి పిలవకూడదంటారు మా ఇంట్లో. పాప చెవిలో నోరు పెట్టి పిలిచాను.

"యోగితా."

అరికాలు రుద్దుతూ మళ్లీ పిలిచాను. ఆయన మావైపు చూడలేకపోయారు. ఎంతకీ జవాబు లేదు.

అప్పుడు, నా చేతుల్లో, బొంగురుగా ఒక ఏడుపు.

"విన్నారా!" అన్నాను. "పేరు పెట్టి పిలిస్తే పలికిందండీ, నా కూతురు."