డోలక్ మీద చెంచా

“ఏమే నసీమా! మళ్లా తప్పింది నీ చెంచా!” మేడ మీద నుంచి కేకేసింది షైస్తా బేగం.

కింద వంటింట్లో డోలక్ టక్కున ఆగింది.

“ఇంకా చెయ్యి కుదరలేదమ్మా. కొన్ని దినాలు ఓర్చుకోండి,” అని జైనబీ బదులిచ్చింది.

షైస్తాది కడప. గల్ఫ్ దేశానికొచ్చి అల్ ఖౌద్‌లో కాపురం పెట్టి ఇరవై ఏళ్లయినా, కూతురి పెళ్లి డోలక్ పాటలు లేకుండా జరిగితే పరువు పోదూ! అందుకే పనివాళ్లిద్దరినీ సాధనకు కూర్చోబెట్టింది. పెద్దది జైనబీ తోలు మీద దరువు వేయాలి. చిన్నది నసీమా డోలక్ చెక్క మీద చెంచాతో తాళం వేయాలి.

పాటల సరదా పైకి చెప్పే మాట. అసలు సంగతి వేరు.

“అమ్మ మంచాన పడింది మేడమ్. నా పేరే కలవరిస్తాందంట. ఒక్కసారి చూసొస్తా,” అని నసీమా కాళ్లావేళ్లా పడింది.

“పెళ్లయినాక చూద్దాంలే,” అని షైస్తా ఆమె పాస్‌పోర్టు బీరువాలో దాచేసింది. అయినా భయం తీరితేనా? పోయినేడు ఒక పనిమనిషి ఇలాగే ఎంబసీకి పారిపోయింది. అందుకే తను మధ్యాహ్నం నడుం వాల్చే రెండు గంటలూ డోలక్ ఆగకూడదని హుకుం జారీ చేసింది. రెండు చప్పుళ్లూ వినిపిస్తుంటే ఇద్దరూ ఇంట్లో ఉన్నట్టే కదా!

మొదట్లో దరువుదో దారి, చెంచాదో దారి. వారం తిరిగేసరికి రెండూ కలిసి నడిచాయి. పదోనాడు ఒక్క దెబ్బ తప్పితే ఒట్టు! షైస్తా మురిసిపోయింది.

గంట గడిచాక ఎందుకో ఆమె చెవులు రిక్కించింది. కింద మాట లేదు, నవ్వు లేదు, చిన్న దగ్గయినా లేదు.

“నసీమా!”

దరువూ చెంచా తాళమూ మాత్రం పొల్లుపోకుండా సాగుతున్నాయి.

గబగబా మెట్లు దిగి వంటింటి తలుపు తోసింది. జైనబీ ఒక్కతే కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి డోలక్ మీద, కుడి చేతిలో చెంచా. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

“పోయిందా? నా కొంప ముంచిందే! తాళమే పట్టుబడని మొద్దుకు ఇంత తెలివెక్కడిదే?”

జైనబీ చేతులు ఆగలేదు.

“ఆ పిల్లకు మొదటి దినమే వచ్చేసిందమ్మా,” అంది చల్లగా. “ఈ పది దినాలూ నేర్చుకునింది నేను.”