మై అత్త ఆఖరి లంగా

మా మై అత్త దగ్గర నేను తిన్నన్ని తిట్లు ఈ కొండ మీద ఇంకెవరూ తిని ఉండరు.

నార పోగుల కొసలు ఒకదానికొకటి అతికించడానికి కూర్చుంటే చాలు, "అవి వేళ్ళా, రోకళ్ళా?" అనేది.

తప్పు ఆమెది కాదు. ఈ ఇంటికి వచ్చేనాటికి నాకు నార పని బొత్తిగా రాదు. మా అమ్మ నా చెల్లెళ్ళకు నేర్పి నన్ను వదిలేసింది. రెండేళ్ళ కిందట ఘాట్ రోడ్డు మలుపులో ప్రమాదం జరిగాక ఇంట్లో మిగిలింది అత్తా, నేనూ. ఆ రోజు సంగతి ఇద్దరం ఎత్తం. లంగా గురించి మాత్రం రోజూ పోట్లాడుకునేవాళ్ళం.

మా మోంగ్ తెగవాళ్ళు పోయినప్పుడు ఒంటి మీద నార బట్టే ఉండాలి. లేకపోతే అవతల ఉన్న పెద్దలు గుర్తుపట్టరు. అత్తకేమో దగ్గు ముదురుతోంది.

ఆ నారనిచ్చే మొక్క గంజాయికి దగ్గర చుట్టం. మత్తు మాత్రం ఎక్కదు. పట్నంవాళ్ళు హెంప్ అంటారు. సంతలో విన్నదంతా అత్తకు అప్పజెప్పాను.

"దానికి పురుగుమందు అక్కర్లేదత్తా. కలుపును అదే అణిచేస్తుంది. పుల్లల్ని సున్నంలో కలిపి గోడలు కడుతున్నారట. నారను కారు తలుపుల్లో కూడా వాడుతున్నారట."

"గోడలు తర్వాత కడుదువుగానీ, ముందు నా లంగా నెయ్యి."

మొక్కజొన్న వేసే చేలో సగం నార విత్తనాలు చల్లాను. మొక్కలు నా తల దాటి పెరిగాయి. అందులో నా గొప్పేం లేదు, ఎవరు చల్లినా అవి అలాగే పెరుగుతాయి.

కోసి, ఎండబెట్టి, నార వలిచాను. దారిన పోతూ కూడా చేతికి చుట్టుకుని పోగులు అతికిస్తుంటే ఎదురొచ్చిన ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. సగంలోనే విసుగొచ్చింది. సంతలో నైలాన్ దారం కొని, మధ్యమధ్యలో కలిపి నేసేశాను. ఎంత తెలివైన పని చేశానో అని ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అత్త బట్టను తడిమింది. ఒక పోగు లాగి నిప్పు మీద పెట్టింది. నారయితే బూడిదైపోవాలి. అది కరిగి నల్లగా ముద్దకట్టింది.

"నన్ను ప్లాస్టిక్ సంచీలో చుట్టి పంపుతావా, పావ్?" అని పేరు పెట్టి అడిగింది.

తిడుతుందనుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడే ఆ బట్ట మొత్తం విప్పేశాను. మరుసటి ఏడు మళ్ళీ పంట వేశాను. ఈసారి పోగులన్నీ నారవే. వడికి, బూడిద నీళ్ళలో ఉడకబెట్టి, నేశాను. నునుపు చేయాలంటే దుంగ మీద బట్ట పరిచి, పైన రాతిపలక పెట్టి, దాని మీద నిలబడి అటూ ఇటూ ఊగాలి. నాలుగుసార్లు పడ్డాను. నాలుగోసారికి మా పంది లేచి వెళ్ళి దూరంగా పడుకుంది.

లంగా పూర్తయింది. అత్త దాన్ని మడతపెట్టి పెట్టెలో దాచుకుంది.

మొన్న పై కొండ నుంచి ఎవరో ముసలమ్మ నార విత్తనాల కోసం వచ్చింది. నేను ఇంటి వెనక పుల్లలు కడుతున్నాను. అత్త పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది.

"ఎంత సన్నగా ఉందో పోగు!" అంది ముసలమ్మ. "ఏ కోడలు నేసిందమ్మా?"

"కోడలెక్కడిదమ్మా, నా కూతురు పోయాక కూడా నన్నొదిలి వెళ్ళని మా ఇల్లరికపు అల్లుడు నేశాడు."