ఎదురొచ్చిన మనిషి

దారి మలుపులో ఆమె మళ్లీ నిలబడి ఉంది.

ఐజాక్ ఆగిపోయాడు. భుజం మీది గాలాల తట్ట కిందికి దించాడు. వెనక వస్తున్న తమ్ముడు రూబెన్ కూడా దించాడు.

ఆ జాలర్ల ఊరు స్కార్‌విక్‌లో పడవ దగ్గర పంది పేరు ఎత్తరు. వేటకు బయల్దేరాక ఆడది ఎదురైతే ముందుకు పోరు. తాతల నాటి నుంచీ అంతే.

"పొద్దున్నే ఇక్కడేం పని నీకు?" అన్నాడు ఐజాక్.

"పుల్లలు ఏరుకోవడానికొచ్చాను" అంది హెస్టర్.

"ఏవీ పుల్లలు?"

ఆమె ఖాళీ చేతులు నల్ల శాలువాలో దాచుకుంది.

అన్నదమ్ములిద్దరూ పక్కకు ఉమ్మేసి ఇంటిదారి పట్టారు.

తట్ట తిరిగి రావడం చూసి ఐజాక్ భార్య డోర్కస్ నెత్తి కొట్టుకుంది. ఆ గాలాలన్నిటికీ ఆల్చిప్పల మాంసం గుచ్చింది తనే. వేళ్లు ఇంకా మండుతున్నాయి. రేపటికి ఆ ఎర కుళ్లిపోతుంది.

"మళ్లీ ఆ మహాతల్లేనా?"

"ఆవిడే."

"ఎవరో పంపితే వచ్చిందయ్యా అది. క్రాంబీ వాళ్లే పంపుంటారు. మన పడవలు ఒడ్డునుంటే సాండ్‌బరో హోటళ్లకు ఎవరి చేపలు పోతాయి? సముద్రస్నానాలకొచ్చిన దొరలు ఎవరి చేపలు తింటారు?"

హెస్టర్ పక్క ఊరు క్రాంబీ నుంచి వచ్చిన మాట నిజమే. పోయిన చలికాలం ఒక మూటతో వచ్చి, మలుపు పైన పాడుబడ్డ ఉప్పుకొట్టులో దిగింది. నల్లబట్టలు తప్ప వెయ్యదు. ఎందుకొచ్చిందో చెప్పదు.

రూబెన్‌ది ఇంకో అనుమానం.

"వదినా, ఒకటి గమనించావా? అది నిలబడిన రోజే గాలి లేస్తుంది. పోయినసారీ అంతే. అంతకు ముందూ అంతే. గాలిని పిలిచేది అదే."

"పిలిచి ఏం చేసుకుంటుంది?"

"మనల్ని ముంచుతుంది. శకునం చూసి ఆగాం కాబట్టి బతికిపోయాం గానీ."

ఆ మధ్యాహ్నం నిజంగానే గాలి లేచింది. పైకప్పు పలకలు రెండు ఊడి వీధిలో పడ్డాయి. ఊళ్లో ఇక ఎవరికీ సందేహం లేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు సముద్రం పాలలా తేరుకుంది. నీళ్లకవతల క్రాంబీ కొండ మీద గొర్రెలు కూడా కనబడుతున్నాయి.

"ఇంత తేటగా ఉందంటే రేపు వేటకు మంచిరోజు" అన్నాడు రూబెన్.

ఇంట్లో పిండి అడుగంటింది. డోర్కస్ మళ్లీ గాలాలకు ఎర గుచ్చింది.

"అది ఎదురొస్తేనో?" అన్నాడు ఐజాక్.

"రాదు. దాని సంగతి నేను చూస్తాగా."

తెల్లవారుతుండగా డోర్కస్ ఉప్పుకొట్టు దగ్గరికి ఎక్కింది. తలుపు గొళ్లేనికి బయటి నుంచి విరిగిన తెడ్డు అడ్డం దూర్చింది.

"ఎవరమ్మా అది? తలుపు తియ్యి" అంది లోపలి గొంతు.

డోర్కస్ గబగబా దిగి వెళ్లిపోయింది.

కాసేపటికి అన్నదమ్ములు దిగుతూ వచ్చారు. లోపల తలుపు బాదుతున్న చప్పుడు దారిదాకా వినిపించింది.

"వెళ్లకండయ్యా. ఇవాళ వెళ్లకండి."

రూబెన్ నవ్వాడు. "పుల్లలు తర్వాత ఏరుకుందువుగానీ, పడుకోవమ్మా."

ఐజాక్ కూడా నవ్వాడు. మలుపులో ఎవరూ లేరు.

అన్నదమ్ముల పడవలు రెండూ వెళ్లాయి.

పొద్దు తిరగకముందే గాలి వచ్చింది. ఆడవాళ్లంతా గులకరాళ్ల ఒడ్డున నిలబడ్డారు. రూబెన్ పడవ సగం నీళ్లతో ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఐజాక్ పడవ రాలేదు.

డోర్కస్ ఉప్పుకొట్టుకు పరుగెత్తింది. తెడ్డు లాగి అవతల పారేసింది.

"లోపల కూర్చునే పిలిచావు కదే. నా మొగుణ్ణి మింగావు కదే."

హెస్టర్ నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నాయి.

"గాలిని నేను పిలవలేదమ్మా. ఎదుటి కొండ చేతికందేంత దగ్గరగా కనబడిందంటే గాలి వస్తుంది. మా నాన్న చెప్పేవాడు. నేను మా ఆయనకు చెప్పాను, నా ఇద్దరు కొడుకులకు చెప్పాను. ఆడదానికి సముద్రం సంగతేం తెలుసని నవ్వి వెళ్లారు."

డోర్కస్ ద్వారబంధం పట్టుకుంది.

"వాళ్లు పోయాకే క్రాంబీలో రాతిగట్టు కట్టారు. ఎంత గాలైనా ఇప్పుడక్కడ పడవలకు ఆసరా ఉంది. మీకు లేదు."

"మరి ఆ మాట మాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఆగరమ్మా. ఎదురొస్తే ఆగుతారు."

డోర్కస్ ఆ మాట రూబెన్‌కు చెప్పింది. తెడ్డు సంగతీ చెప్పింది. ఇంటింటికీ వెళ్లి చెప్పింది.

"దుఃఖంలో ఏదేదో మాట్లాడుతున్నావు వదినా. వెళ్లి పడుకో" అన్నాడు రూబెన్.

ఊరివాళ్లు హెస్టర్ మూట బండిలో పడేసి ఆమెను ఊరు దాటించారు. ఎక్కడికి పోతావని ఎవరూ అడగలేదు.

వసంతం వచ్చింది. ఒక ఉదయం సముద్రం పాలలా ఉంది. రూబెన్ గాలాల తట్ట ఎత్తుకుని దిగుతున్నాడు. అతని ఎదురుగా నీళ్లకవతల క్రాంబీ కొండ చేతికందేలా నిలబడి ఉంది.

మలుపులో నల్ల శాలువా కనబడింది.

అతను తట్ట కిందికి దించాడు.

"వదినా, నువ్వా? పొద్దున్నే ఇక్కడేం పని నీకు?"

డోర్కస్ ఖాళీ చేతులు శాలువాలో దాచుకుంది.

"పుల్లలు ఏరుకోవడానికొచ్చాను."