గట్టు మీద తువ్వాల

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు పట్టి ఉంది. చినుకు మాత్రం రాలలేదు.

తొమ్మిదింటికి బడిగంట మోగలేదు. దబ్బుమని ఓ మొద్దు చప్పుడొచ్చింది, అంతే.

హెడ్మాస్టరు బాలకృష్ణ బయటికొచ్చి చూశాడు. గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కకు ఎవరో గోనెసంచి చుట్టి, సైకిల్ ట్యూబుతో బిగించారు.

"ఎవరు చేసిండ్రు గీ పని?"

"నేనే సారూ." చీపురు చేతపట్టుకొని పర్వతాలు ముందుకొచ్చాడు.

వారం కింద చేరిన మనిషి. నలభై దాటి ఉంటాయి. పాలమూరు దిక్కు నుంచి నాట్ల కూలీల లారీలో ఈ కాలువ కింది ఊరికి వచ్చాడు. అందరూ పొలానికి పోతే అతను బడికొచ్చి పని అడిగాడు. ఊడ్చే మనిషి దొరకని బడి కనుక ఎవరూ ఏమీ ఆరా తీయలేదు. "ఎంత చదివినవ్?" అని మాత్రం అడిగాడు సారు.

"నాలుగు, సగం" అన్నాడతను.

ఇప్పుడు గోనె చూపించి అడిగాడు సారు. "ఎందుకు కట్టినవ్?"

"దీప్తి చెవులకు పడ్తలేదు సారూ. గంట కొట్టంగనే కొరుకుతది. దానికి ముందు మంచిగనే ఉంటది. చూడలేదా మీరు?"

సారు చూడలేదు.

దీప్తి నాలుగో తరగతి. అమ్మానాన్న హైదరాబాదులో కూలికి పోతే అవ్వ హనుమమ్మ సాకుతోంది. ఈ ఏడాది నలుగురు పిల్లల్ని కొరికింది. కరుణ టీచరు మీదికి అన్నం ప్లేటు విసిరింది. నల్లగొండలో ఇట్లాంటి పిల్లల బడి ఏదో ఉందట, అక్కడికి పంపుదామని సారు టీసీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

నిన్ననే హనుమమ్మ వచ్చి గడపలో కూచుంది. "దాన్ని దూరం తోలకుండ్రి సారూ. నా కొంగు పట్టుకోనిదే నిద్రపోదు. ఆడ ఎవరి కొంగు పట్టుకుంటది?"

సారు గోనె వంక చూశాడు. "గంట లేకుంటే బడి ఎట్ల నడుస్తది పర్వతాలు?"

"పొలంల సద్ది వచ్చిందని గంట కొడతరా సారూ? గట్టు మీద నిలవడి తువ్వాల ఊపుతరు. అందరు వస్తరు."

వరండాలో నిలబడి వింటున్న కరుణ టీచరు నవ్వింది. "పిల్లల్ని నాట్ల కూలీల్ని చేస్తవా ఏంది?"

"కూలోళ్లు ఒకల్నొకలు కొరుక్కోరు మేడమ్."

సారుకూ నవ్వొచ్చింది. "పది దినాలు చూస్త. ఆ తర్వాత టీసీ రాస్త."

పీరియడ్ మారినప్పుడల్లా పర్వతాలు ఆవరణ నడుమ నిలబడి ఎర్ర తువ్వాల ఊపాడు. రెండు మూడు రోజులకు దీప్తి వచ్చి అతని పక్కన నిలబడింది. ఓనాడు చూస్తే తువ్వాల ఆమె చేతిలో ఉంది.

ఆ రోజుల్లో ఎవరి చేతి మీదా పంటిగాటు పడలేదు.

తొమ్మిదో రోజు బడి కమిటీ చైర్మన్ అంజయ్య వచ్చాడు. వెనక నాట్లకు పోయే ఆడవాళ్లు.

"సారూ, మా ఆడోళ్లు బడిగంట వినే పొలం బాట పడ్తరు. ఆలిస్యమైతాందని మేస్త్రి తిడుతుండు."

"సెల్లుల టైము కనబడదా?"

"సెల్లు మొగోళ్ల జేబుల ఉంటది సారూ" అంది వాళ్లలో ఉన్న సోమమ్మ.

"గంట మోగని బడి పీనుగెల్లిన ఇల్లు లెక్కున్నది" అన్నాడు అంజయ్య. "ఒక్క పిల్ల కోసం ఊరంత ఆగాల్నా?"

సారు సరేనన్నాడు. సాయంత్రం పర్వతాలును పిలిచాడు.

"గోనె విప్పు. రేపటి సంది నువ్వు రాకు. ఊరు ఊకుంటలేదు."

"సరే సారూ. పిల్లకు మాత్రం టీసీ రాయకుండ్రి."

"అది నీకెందుకు?"

పర్వతాలు గంట దగ్గరికి పోయాడు. గోనె విప్పాడు. తువ్వాల మడతపెట్టి మేకుకు తగిలించి, దండం పెట్టి పోయాడు.

మరునాడు గంట ఖంగుమంది. దీప్తి బెంచీ కిందికి దూరింది. ఈసారి ఎవరినీ కొరకలేదు. తన చేతినే కొరుక్కుంది. కరుణ టీచరు కడిగి కట్టు కట్టింది.

సారు గదిలోకి పోయి టీసీ పుస్తకం ముందుకు లాక్కున్నాడు. కారణం ఏమని రాయాలో తోచలేదు. పాతవి చూద్దామని బీరువా అడుగు నుంచి పాత పుస్తకం తీశాడు. ముప్పైమూడేళ్ల కింద ఆయన మొదటి ఉద్యోగం ఈ బడిలోనే.

తిప్పుతూ తిప్పుతూ ఓ పేజీ దగ్గర ఆగాడు. పుస్తకం మూయలేదు.

తర్వాత అంజయ్యకు ఫోన్ చేశాడు. "పర్వతాలు యాడున్నడు?"

"తెల్లారంగనే కూలీల లారీ ఎక్కిండు సారూ."

"ఏ ఊరికి?"

"ఎవరికెరుక."

"ఫోన్ నెంబరు?"

"మనం అడగలె గద సారూ."

మధ్యాహ్నం గంట కొట్టబోయిన పిల్లవాణ్ని సారు ఆపాడు. మేకుకున్న తువ్వాల తీసుకొని, ఆవరణ నడుమకు నడిచి, తల మీదికి ఎత్తి ఊపాడు.

ఎవరూ నవ్వలేదు. పిల్లలు ప్లేట్లు పట్టుకొని వచ్చి వరుసల్లో కూచున్నారు. చేతి కట్టుతో దీప్తి చివర కూచుంది. సారు ఓ ప్లేటు తెచ్చుకొని ఆమె పక్కన నేల మీద కూచున్నాడు.

అన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్డు. ఇద్దరూ గేటు దిక్కు చూస్తూ తిన్నారు.

గదిలో బల్ల మీద తెరిచి ఉన్న పాత పుస్తకంలో, ఆయన చేతిరాతతోనే ఇట్లా ఉంది: "పర్వతాలు, నాలుగవ తరగతి, కాలువ కూలీ కుమారుడు, గంట మోగినప్పుడల్లా తోటి పిల్లలను కొరుకుచున్నందున బడి నుండి తీసివేయడమైనది."