క్లారినెట్ ఆయన భార్య

అద్దం ముందు నిలబడి ఆయన కింది పెదవిని లోపలికి మడిచి చూసుకున్నాడు. ఆనడానికి అక్కడ పళ్లు లేవు. పెదవి జారిపోయింది.

పోయిన వారం డాక్టరు కింది వరసలో ముందు పళ్లన్నీ పీకేశాడు.

ఆమె కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. చూడనట్టే ఉండిపోయింది.

పెళ్లి బ్యాండులో ఆయనది క్లారినెట్. పెదవిని పళ్ల మీదికి మడిచి, దాని మీద వాద్యం మూతికుండే రీడు బద్ద ఆనించి ఊదాలి. కట్టుడు పళ్లతో ఆ పట్టు రాదని డాక్టరు కన్నా ముందే ఆయన చెప్పేశాడు.

మధ్యాహ్నం బ్యాండు మాస్టరు వచ్చాడు.

"ఏం చేస్తాం వదినా! ఇన్నాళ్లూ ఊరందరి పెళ్లిళ్లకీ అరువిచ్చావు. ఇదిగో, నీ మొగుణ్ని నీకే అప్పజెప్పేస్తున్నా."

"పళ్లు రాలగొట్టి మరీనా?" అందామె.

మాస్టరు పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "తాళాలు వాయించడానికి మనిషి లేడు, అన్నా. వస్తావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

జరీ పట్టీల కోటు, క్లారినెట్ పెట్టె, రెండూ బ్యాండువే. మాస్టరు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఆయన్ని చూడకముందే విన్నది.

మేనమామ కూతురి పెళ్లిలో గిన్నెలు తోముతుంటే గోడ అవతలి నుంచి వచ్చిందా పాట. చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఒళ్లంతా వేడెక్కింది. ఎవరా అని వెళ్లి చూస్తే బక్కపలచగా, చెమటలు కక్కుతూ, ఏమంత బాగోని మనిషి.

ఆ మనిషినే చేసుకుంటానని పట్టుబట్టింది.

కొత్త జంటలందరికీ ప్రేమ పాటలు ఊదే మనిషికి ఇంటికొచ్చేసరికి పెదాలు వాచి, చిట్లి ఉండేవి. ఆమె దగ్గరికి జరిగితే, "నొప్పే. రేపు మళ్లీ ఊదాలి," అని గోడ వైపు తిరిగేవాడు.

ఆమె వెన్న రాసేది. రాసే వేలిని కూడా అక్కడ ఎంతోసేపు ఉండనిచ్చేవాడు కాదు.

పొద్దున్నే ఆయన సాధన చేసే వేళకు మాత్రం ఆమె ఎక్కడి పని అక్కడే వదిలేసేది. వంటింట్లో కళ్లు మూసుకుని నిలబడేది. ఆయన తనను ముట్టుకున్నట్టే ఉండేది ఆ కాసేపూ. అది తప్పో కాదో దేవుణ్ని అడుగుదామనుకునేది. దీపం ముందు కూర్చోగానే సిగ్గు ముంచుకొచ్చేది.

అడిగింది ఒక్కటే. ఈ మనిషి పెదాలు నాకు కూడా కాస్త మిగల్చు స్వామీ, అని.

దేవుడు వింటాడనే ఆమె నమ్మకం. ఇచ్చేటప్పుడు ఏది తీసుకుని ఇస్తాడో ఆమెకు తెలియదు.

మాస్టరు వెళ్లాక మళ్లీ అద్దం ముందు నిలబడ్డ ఆయన, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇక రేపు ఊదే పని లేదుగా," అన్నాడు. పళ్లు లేని సందులోంచి మాట గాలిగా పోతోంది. "ఈ పెదాలింక నీవే."

అనేసి, పెళ్లికొడుకులా తల దించుకున్నాడు.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనే ఆమె చేయి అందుకున్నాడు. ఆయన చేయి వెచ్చగానే ఉంది. మెత్తగా ఉంది. ఆమె మాత్రం చెవులు రిక్కించి ఉంది, ఆ పొద్దుటి పాట కోసమన్నట్టు.

ఇంట్లో చప్పుడు లేదు.

"ఉండండి, తలుపేసి వస్తా," అని లేచింది.

గడియ పెట్టింది.

"ఏమే, వస్తున్నావా?" లోపలి నుంచి ఆయన.

"ఆ, వస్తున్నా," అంది, గడియ మీది నుంచి చేయి తియ్యకుండానే.